ఏ పుస్తకంలోనూ లేని ఓస్విన్

సెప్టెంబరు 6, శుక్రవారం. హారోగేట్

మా టూరు కంపెనీ నడిపే టోబీ ఆఫీసుకు పిలిచి టీ ఇచ్చాడు. టీ తానే కలిపి ఇచ్చినప్పుడే అనుమానం రావలసింది.

"ఎలినార్, మీరంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు" అని మొదలుపెట్టాడు. తెలియదు. ఇప్పుడే విన్నాను.

సంగతేమిటంటే, జులైలో నా బస్సులో వచ్చిన ఒక రిటైర్డ్ లాయరు ఇంటికి వెళ్లి, నేను చెప్పిన కథలన్నీ పుస్తకాల్లో వెతికాడట. సగం దొరకలేదట. పెద్ద ఉత్తరం రాశాడట.

"సగం దొరికాయిగా" అన్నాను.

టోబీ నవ్వలేదు. కుట్టిన కాగితాల కట్ట ఒకటి నా ముందుకు తోశాడు. ఇకమీదట బస్సులోనూ, మఠాల్లోనూ అందులో ఉన్నదే చదవాలి. ఒక్క ముక్క అటూ ఇటూ కాకూడదు. ఈ ట్రిప్పు ఏ గొడవా లేకుండా ముగిస్తే వచ్చే సీజను గురించి మాట్లాడుకుందామన్నాడు. ముగియకపోతే దేని గురించి మాట్లాడుకుంటామో చెప్పలేదు.

ఇంటికొచ్చి చదివాను. ఫౌంటెన్స్ మఠం గోపురం ఎత్తు అడుగుల్లో ఒకసారి, మీటర్లలో ఒకసారి ఇచ్చారు. ఇన్నేళ్ల గైడు పనిలో ఆ ఎత్తు నన్ను ఒక్కరూ అడగలేదు.

నాకేమీ బాధ లేదు. చదవడం తేలిక. గొంతుకు విశ్రాంతి.

సెప్టెంబరు 8, ఆదివారం

ప్రయాణికుల పేర్లు వచ్చాయి. హెబ్డెన్లు ఇద్దరున్నారు. యార్క్‌షైర్‌లో ఏ వీధిలో కేకేసినా ఒక హెబ్డెన్ పలుకుతాడు. డి. హెబ్డెన్ అని ఉంది. డేవిడ్ కావచ్చు. డెన్నిస్ కావచ్చు.

సెప్టెంబరు 9, సోమవారం. రిపన్

డెన్నిస్ కాదు.

హారోగేట్ స్టేషను ముందు బస్సు పక్కన నిలబడి ఒక్కొక్కరి పేరూ టిక్కు పెడుతున్నాను. కొత్త టోపీ పెట్టుకుని, ఒక పొడుగాటి ఆవిడ చేయి పట్టుకుని వచ్చాడు డెరిక్. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది. బాయిలర్ పేలబోయేముందు కూడా కంగారు పడని మనిషి. బాయిలర్లు బాగుచేయడమే వృత్తి మరి.

ఆవిడకి ఇదేమీ తెలియదు. ఒకటే సంబరం. "నేను ఫిలిపా. ఈయన మా ఆయన డెరిక్. ఈయన పుట్టినరోజుకి నా బహుమతి ఇది! ఎక్కడికో పొద్దున దాకా ఈయనకి చెప్పనేలేదు. పాత మఠాలంటే ఈయనకి ప్రాణం అనుకోండి!"

ప్రాణం. ఇరవై ఆరేళ్ల కాపురంలో నా వెంట ఒక్క మఠం గడప తొక్కలేదు.

"నమస్కారమండీ" అన్నాడు డెరిక్ నాతో. అండీ!

"స్వాగతం మిస్టర్ హెబ్డెన్. మీ సీట్లు వెనక నుంచి మూడో వరస" అన్నాను.

ఎందుకలా అన్నానంటే, ఉద్యోగం కోసం. బస్సు మెట్ల దగ్గర భాగోతం పెడితే సాయంత్రానికి టోబీ చెవిన పడుతుంది. వేరే కారణం లేదు. నా బ్యాడ్జీ మీద ఎలినార్ సెడ్జ్‌విక్ అని పుట్టింటి పేరుంది. డెరిక్ నన్ను ఎప్పుడూ నెల్ అనే పిలిచాడు. పిలిచినప్పుడు. కాబట్టి ఆవిడకి తెలిసే దారి లేదు.

విడాకులు అడిగింది నేనే. నాలుగేళ్లయింది. గోడతో కాపురం చేయలేనని చెప్పాను. "సరే తల్లీ" అన్నాడు. ఒక్క 'ఎందుకు' లేదు, ఒక్క 'ఉండు' లేదు. పనిముట్ల పెట్టె పట్టుకుని మెట్లు దిగిపోయాడు. అంతా అయిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు తవ్వుకోవడం అనవసరం.

రిపన్ చర్చిలో కాగితాలు చదివాను. బోల్టన్ నుంచి వచ్చిన మిసెస్ పెండిల్‌బరీ ముందు సీటు ఆక్రమించింది. ఎనభై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ల. "మా లాంకషైర్‌లో ఇంతకంటే పెద్ద చర్చీలున్నాయి తల్లీ, కాకపోతే మేం వాటి గురించి ఇంత గొప్పలు పోం" అంది. ఆ తర్వాత నిద్రపోయింది.

డ్రైవరు నదీమ్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. తొమ్మిదేళ్లుగా నా పక్కన బండి నడుపుతున్నాడు. దిగేటప్పుడు, "ఒంట్లో బాగాలేదా ఎలినార్? ఎవరో చచ్చినట్టు చదివారు" అన్నాడు.

నేను బాగానే ఉన్నాను.

సెప్టెంబరు 10, మంగళవారం

ఈ రోజు డెరిక్ గురించి రాయను.

ఫౌంటెన్స్ మఠం. ఎండ బాగా కాసింది. కాగితాల్లోని మూడో పేజీ చదువుతూ, గోపురం ఎత్తు మీటర్లలోకి వచ్చేసరికి నా ముందు నలుగురే మిగిలారు. మిగతావాళ్లు కంచె అవతల గడ్డి మీద గుంపుగా చేరారు. మధ్యలో టోపీ చేత్తో పట్టుకుని డెరిక్. మాట్లాడుతున్నాడు.

డెరిక్ మాట్లాడుతున్నాడు!

దగ్గరికి వెళ్లాను. గైడుగా వెళ్లాను, గుంపు చెదిరితే పోగుచేయడం నా బాధ్యత.

"...ఆ ఓస్విన్ అనే సన్యాసికి పుట్టుచెవుడు. అందుకే గంట కొట్టే పని అతనికిచ్చారు. మోత వినబడదు కదా, తలనొప్పి ఉండదని. తాడు లాగడం, చేతికి ఆ బరువు తగలడం, అంతే అతనికి తెలిసింది. ఇలా ఉండగా రాజుగారి మనుషులొచ్చి మఠాలన్నీ మూసేశారు. సన్యాసులందరినీ పొమ్మన్నారు. అందరికీ చెప్పారు. ఓస్విన్‌కి చెప్పడం మాత్రం మరిచిపోయారు. గంట దించి కరిగించుకుని పోయారు. చూడండి మరి, తాడు మాత్రం వదిలేశారు. మర్నాడు పొద్దున ఓస్విన్ మామూలుగానే వచ్చి లాగాడు. ఆ మర్నాడూ లాగాడు..."

'చూడండి మరి' అన్న చోట ఆగాడు. నేను ఆగే చోటే. నేను ఆగినంతసేపే.

ఓస్విన్ పుట్టింది ఈ మఠంలో కాదు, నా వంటింట్లో. ఒక సాయంత్రం బంగాళాదుంపలకి తొక్క తీస్తున్నాను. డెరిక్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. రెండుసార్లు పిలిచినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్లు మండి, "పూర్వం ఫౌంటెన్స్‌లో ఒక చెవిటి సన్యాసి ఉండేవాడు" అని అప్పటికప్పుడు అల్లాను. ఆ చెవిటివాడు ఎవరో పసిపిల్లలకైనా అర్థమవుతుంది. అర్థం కానివాడు ఒక్కడే. వాడు ఇవాళ ఎండలో నిలబడి ఆ కథ తనదైనట్టు చెబుతున్నాడు.

పైగా ముగింపు మార్చేశాడు! నా కథలో ఓస్విన్ గంట లేదని తెలియకుండానే చచ్చిపోతాడు. అలాంటి వాళ్లకి అదే తగిన శాస్తి. డెరిక్ ఏమన్నాడంటే, "గంట పోయిందని అతనికి మొదటి రోజే తెలిసింది. చెవులు పని చేయకపోతేనేం, చేతులు చేస్తాయిగా. తాడు తేలికైపోయింది. తెలిసే లాగాడు. ఆ వేళకి ఆ చేతులకి ఇంకేం పని?"

మిసెస్ పెండిల్‌బరీ కళ్లు తుడుచుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆ పెద్దమనిషి దగ్గర కాస్త నేర్చుకో తల్లీ. నువ్వు మంచిదానివే, కానీ ఎత్తులూ వెడల్పులూ ఎవరిక్కావాలి?" అంది.

"తప్పకుండా నేర్చుకుంటానండీ" అన్నాను.

సెప్టెంబరు 11, బుధవారం. డేల్స్ లోయల మీదుగా

వాన. పొద్దున్నుంచీ రాతి గోడలూ, గొర్రెలూ, వాన. జెర్వో మఠంలో అందరూ ఆయన వెనక. నా వెనక ఇద్దరు. అందులో ఒకాయన మరుగుదొడ్డి ఎక్కడని అడగడానికి వచ్చాడు.

సెప్టెంబరు 12, గురువారం. హెల్మ్స్‌లీ

రీవో మఠం. లోయలోకి దిగేసరికి పొగమంచు విచ్చుకుంది. ఆ కమానులు చూసినప్పుడల్లా నాకు నోట మాట రాదు. ఈసారి రాకపోయినా నష్టం లేదు, కాగితాలున్నాయి.

మధ్యాహ్నం టీ దగ్గర ఫిలిపా తన ప్లేటు తెచ్చుకుని నా బల్ల దగ్గర కూర్చుంది. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసిందట. పార్కిన్ అనే అల్లం కేకు ముక్కని కూడా పుస్తకం తెరిచినట్టు జాగ్రత్తగా విరుస్తుంది. ఇష్టపడకూడదనే కూర్చున్నాను. కాసేపు పట్టుదలగానే ఉన్నాను.

"మిమ్మల్ని ఒకటి అడగాలి. డెరిక్‌కి తెలియకూడదు" అంది గొంతు తగ్గించి. "నవంబరులో ఆయన పుట్టినరోజుకి ఆయన కథలన్నీ చిన్న పుస్తకంగా అచ్చేయిస్తున్నాను. ఈ ట్రిప్పు బహుమతిలో సగం, అది మిగతా సగం. ఆధారాలన్నీ కింద రాద్దామని వెతికితే కొన్నింటికి దొరికాయి. ఓస్విన్ మాత్రం ఏ పుస్తకంలోనూ లేడు. రెండేళ్లుగా చూస్తున్నాను. ఆయన్ని అడిగితే 'ఎక్కడో విన్నాను' అంటాడు. మీరు ఎప్పుడైనా విన్నారా?"

టీ కప్పు కింద పెట్టాను. అది చప్పుడు చేసింది.

"ఎక్కడో విన్నట్టే ఉంది" అన్నాను.

"చూశారా! నాకు తెలుసు" అని పొంగిపోయింది. తర్వాత అడగకుండానే చెప్పుకుపోయింది. "మా పెళ్లయి రెండేళ్లే. మొదటావిడ నెల్ అని, బ్యాంకులో గుమాస్తా. చెడ్డ మనిషేమీ కాదట, కాకపోతే నోరు విప్పదట. ఈయన రోజూ ఇవన్నీ చెబుతుంటే బంగాళాదుంపలకి తొక్క తీసుకుంటూ కూర్చునేదట. ఇరవై ఆరేళ్లు! గోడతో కాపురం చేసినట్టు కాదూ?"

"పాపం" అన్నాను.

"నేనూ అదే అనుకుంటాను. పాపం, ఆవిడ ఎంత పోగొట్టుకుందో ఆవిడకే తెలీదు."

రెండో పార్కిన్ కూడా తిన్నాను. నాకు అల్లం పడదు.

బ్యాంకులో గుమాస్తా! నాకు కూడికలే సరిగా రావు!

సెప్టెంబరు 13, శుక్రవారం. విట్బీ

రేవు దగ్గర చేపలూ చిప్సూ కోసం పెద్ద వరస. ఫిలిపా, మిసెస్ పెండిల్‌బరీని చేయి పట్టుకుని కొండ మీది చర్చికి తీసుకెళ్లింది. నేను వరసలో ఉన్నాను. వెనక నుంచి "నెల్" అని వినిపించింది. తిరగలేదు.

"వెనిగర్ ఎక్కువేయమని చెప్పు, నీకలాగే ఇష్టంగా" అన్నాడు.

"నాకేది ఇష్టమో నీకు తెలుసా? బ్యాంకు గుమాస్తాలు వెనిగర్ తింటారా?"

డెరిక్ టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "చెప్పేసిందా?"

"తొక్క తీసుకుంటూ కూర్చున్నానట! నోరు విప్పలేదట! నా కథలు నాకే చెప్పావట! సిగ్గు లేదూ నీకు?"

ముందు నిలబడ్డ కుర్రజంట వెనక్కి తిరిగి చూసింది. డెరిక్ నన్ను పడవల వైపుకి తీసుకెళ్లాడు. వరసలో నా చోటు పోయింది.

"ఏం చెయ్యమంటావు తల్లీ" అన్నాడు. "లైబ్రరీలో బాయిలర్ పాడైతే వెళ్లాను. టీ తాగి వెళ్లమంది. ఎదురుగా కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. నోరు తెరిస్తే నీ మాటలొచ్చాయి. నా దగ్గర వేరే ఏమున్నాయి గనక? మర్నాడు మళ్లీ టీకి పిలిచింది. అప్పటికి ఇక మొదటావిడ చెప్పిందని ఎలా అనను? అందుకని నిన్ను బ్యాంకులో వేశాను."

"కనీసం బడిపంతులమ్మనన్నా చెయ్యలేకపోయావా?"

"అప్పుడు కథలు నీవని పట్టేస్తుంది."

ఆ మాత్రం తెలివి ఉంది. ఇరవై ఆరేళ్లూ ఎక్కడ దాచాడో. "నువ్వు వినేవాడివి కాదు" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పైకి వెళ్లింది. "ఒక్కనాడూ వినలేదు. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడివి. ఒక్క ప్రశ్న వేసిన పాపాన పోలేదు!"

"అన్నీ విన్నాను."

"మరి తల ఎత్తలేదేం?"

"ఎత్తితే నువ్వు ఆపేసేదానివి" అన్నాడు. "కొత్తలో రెండు మూడుసార్లు ఎత్తాను. వెంటనే 'ఏం కావాలి, ఉప్పు తక్కువైందా' అని లేచేదానివి. కథ అక్కడితో సరి. పేపరు ముందుంటే చివరి దాకా చెప్పేదానివి. అందుకని పేపరు పట్టుకునేవాణ్ణి. చదివింది లేదు పెట్టింది లేదు."

సీగల్ పక్షి ఒకటి ఎవరి చేతిలోదో చేప ముక్క ఎత్తుకుపోయింది. జనం అరిచారు. నాకు జవాబు రాలేదు. ఇరవై రెండేళ్లుగా నోటితో బతుకుతున్న దాన్ని.

"ఆవిడకి చెప్పకు నెల్. చెబితే నా దగ్గర మిగిలేది బాయిలర్లే" అన్నాడు.

అదే రోజు

అబద్ధం. పచ్చి అబద్ధం. ఉప్పు తక్కువైందా అని నేనెప్పుడూ అడగలేదు.

అదే రోజు

అడిగి ఉండొచ్చు.

సెప్టెంబరు 14, శనివారం. యార్క్

విట్బీ నుంచి యార్క్‌కి బంజరు కొండల మీదుగా వచ్చాం. కొండంతా ఊదారంగు పూత. కాగితాల్లో ఇది ఎన్ని ఎకరాలో రాసి ఉంది. మైకు తీసుకుని మొదటి రెండు వాక్యాలు చదివాను. ఆపేశాను. నదీమ్ అద్దంలోంచి చూశాడు.

"ఫౌంటెన్స్ మఠంలో" అన్నాను, "పూర్వం ఒక చెవిటి సన్యాసి ఉండేవాడు."

ఎందుకు మొదలుపెట్టానో నాకు తెలియదు. డెరిక్‌ని బయటపెట్టాలని మాత్రం కాదు. నాకు చెప్పాలనిపించింది, అంతే. మొత్తం చెప్పాను. ముగింపు దగ్గరకొచ్చేసరికి నాది నోటికి రాలేదు. డెరిక్‌దే చెప్పాను. తెలిసే లాగాడు, ఆ వేళకి ఆ చేతులకి ఇంకేం పని అని.

నా కళ్లు చెమ్మగిల్లాయి. అప్పుడు మిసెస్ పెండిల్‌బరీ ముందు సీట్లోంచి గట్టిగా, "అది ఆయన కథ కదా తల్లీ! నువ్వెందుకు చెప్పావు? ఆయన చెబితేనే బాగుంటుంది" అంది.

వెనక నుంచి ఎవరో అవునవునన్నారు. ఎవరో నవ్వారు. వెనక నుంచి మూడో వరసలో డెరిక్ కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఫిలిపా కిటికీలోకి చూడటం లేదు. నన్ను చూస్తోంది.

యార్క్‌లో కోటగోడ మీద నడక. అందరికంటే ముందు నేను నడుస్తున్నాను. ఎడమ వైపు పెద్ద చర్చి గోపురాలు, కింద ఎవరివో పెరళ్లూ ఆరేసిన బట్టలూ.

"నెల్" అని వినిపించింది.

తిరిగాను. డెరిక్ గొంతు కాదది. తిరిగాక తెలిసింది.

ఫిలిపా గోడకి ఆనుకుని నిలబడింది. "మీరు బ్యాంకులో పనిచేయలేదు కదూ" అంది.

"లేదు."

"'చూడండి మరి' అని ఆగుతాడు. రెండేళ్లుగా ఆ ఆగడం చూసే మురిసిపోయాను. మీరు బస్సులో అదే చోట ఆగారు." ఆవిడ ముఖం ఎర్రబడింది. "సోమవారం నుంచీ ఒకే బస్సులో తిరుగుతున్నాం! మీ ఎదురుగా కూర్చుని మీ గురించే జాలిపడ్డాను. మీరేమో 'పాపం' అంటారా? అంత సరదాగా ఉందా మీ ఇద్దరికీ?"

"సరదా ఏం లేదు. ఉద్యోగం పోతుందని" అన్నాను. నా చెవులకే అది అతకలేదు.

"ఓస్విన్?"

"నేనే కల్పించాను."

"సీసం దొంగల కథ?"

"పుస్తకంలో ఉంది."

"మూడు తాళాల జున్ను కథ?"

"కల్పించాను. అది కూడా బంగాళాదుంపల దగ్గరే."

ఆవిడ గోడ మీంచి కిందికి చూసింది. కింద పెరట్లో ఒకావిడ బట్టలు తీసుకుంటోంది. "అయితే నేను పెళ్లి చేసుకుంది మీ వంటింటిని" అంది ఫిలిపా. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఒక్కటి చెప్పండి. ఆయన మళ్లీ కావాలా మీకు?"

"వద్దు."

"నిజంగా?"

"నిజంగా వద్దు."

ఈ వారమంతా ఇందులో రాసినవాటిలో కళ్లు మూసుకుని నమ్మదగిన మాట ఇదొక్కటే అనుకుంటాను. డెరిక్ నాకు అక్కర్లేదు. నాకు ఏం కావాలో ఆవిడ అడగలేదు. అడిగితే ఇబ్బందయ్యేది.

"అయితే సరే" అంది. "ఓస్విన్ ముగింపు మాత్రం మీది కాదు కదూ? మీ నోట్లో కాస్త తడబడింది."

"కాదు. అది ఆయనది."

"అదొక్కటీ ఆయనదేనా?"

"అదొక్కటే."

తల ఊపింది. నేనిచ్చిన దాంట్లోంచి తనకి కావలసిన ముక్క దొరికినట్టు. వెనక్కి తిరిగి, మెట్ల దగ్గర నిలబడ్డ డెరిక్ వైపు వెళ్లింది. ఏమందో వినపడలేదు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ దిగి, ఒకరి పక్కన ఒకరు కాకుండా, ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్లిపోయారు.

సెప్టెంబరు 16, సోమవారం

టోబీ ఈసారి టీ ఇవ్వలేదు. రెండు ఫిర్యాదులట. ఒకటి, గైడు కాగితాలు చదివి చంపిందని. రెండోది, చివరి రోజు ఒక ప్రయాణికుడి కథ దొంగిలించి తనదిగా చెప్పిందని. రెండోది ఎవరు చేశారో నాకు చెప్పనక్కర్లేదు, పుదీనా బిళ్ల వాసన ఇక్కడిదాకా వస్తోంది.

"వచ్చే సీజనుకి కొత్తవాళ్లని చూద్దామనుకుంటున్నాం" అన్నాడు టోబీ బల్ల వైపు చూస్తూ. "అన్నట్టు, ఆ మిస్టర్ హెబ్డెన్ ఎవరో గానీ అందరూ తెగ మెచ్చుకున్నారు. ఆయన నంబరుందా మీ దగ్గర?"

ఇచ్చాను. చూడకుండా రాసిచ్చాను. టోబీకి అదేమీ వింతగా అనిపించలేదు.

సెప్టెంబరు 19, గురువారం

నాకేమీ కాలేదు. అలమర సర్దాను. మళ్లీ సర్దాను.

సెప్టెంబరు 25, బుధవారం

నదీమ్ వచ్చి వెళ్లాడు. వాళ్లావిడ సమోసాలు పంపింది. మిగిలిన ట్రిప్పులకి పెట్టుకున్న కొత్త గైడు పిల్ల ఫౌంటెన్స్ గోపురం ఎత్తు తప్పు చదివిందట. ఎవరూ గమనించలేదట. డెరిక్‌ని టోబీ పిలిచాడట కూడా. డెరిక్ ఏమన్నాడో నదీమ్ నాలుక కరుచుకుంటూ చెప్పాడు. "నా దగ్గరున్నవన్నీ అయిపోయాయి బాబూ, అవి తయారయ్యేది వేరేచోట" అన్నాడట.

సమోసాలు నాలుగు తిన్నాను.

అక్టోబరు 3, గురువారం

ఫోన్ మోగింది. ఫిలిపా.

"అచ్చు ఆపేశాను" అంది. పలకరింపులేమీ లేవు. "ఆయన రెండు వారాలు గ్యారేజీలో పడుకున్నాడు. ఇప్పుడు లోపలికి రానిచ్చాను, అది వేరే సంగతి. భోజనం దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన బాయిలర్ల గురించి చెప్పడానికి చూశాడు. నిజం చెప్పొద్దూ, అంత ఘోరంగా ఏం లేదు. కానీ నేను ఫోన్ చేసింది దానికి కాదు. మా పాత లైబ్రరీ వాళ్లు ఆదివారాలు పాత కట్టడాల దగ్గరికి జనాన్ని నడిపిస్తారు. చెప్పేవాళ్లు కావాలట. మీరు చెప్పండి. నేను పక్కన నిలబడి ఏది పుస్తకంలో ఉందో, ఏది మీ వంటింట్లోదో చెబుతాను. ఎవరూ ఉత్తరాలు రాయనక్కర్లేదు."

ఆలోచించుకుని చెబుతానన్నాను.

"ఆలోచించుకోండి. పోయిన వారమే మీ పేరు ఇచ్చేశాను" అంది.

నేను వెళ్లే ప్రశ్నే లేదు. ఆ మనిషికి ఎంత ధైర్యం!

అక్టోబరు 20, ఆదివారం

బైలాండ్ మఠం. చలి. పడమటి గోడ మీద ఆ పెద్ద గుండ్రటి కిటికీ పైసగం కూలిపోయి, కిందిసగం గిన్నెలా మిగిలింది. పదిహేను మంది వచ్చారు. ఫిలిపా మెడకు ఎర్ర మఫ్లరు చుట్టుకుని, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని నా పక్కన నిలబడింది. నేను ఒకటి చెప్పగానే "ఇది పుస్తకంలో ఉంది" అనేది. ఇంకొకటి చెప్పగానే "ఇది వంటింటిది" అనేది. వంటింటిది అన్నప్పుడల్లా జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు. టోబీ చూడాల్సింది.

డెరిక్ కూడా వచ్చాడు. వస్తాడని నాకు ఎవరూ చెప్పలేదు. అందరి వెనక, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ముఖానికి అడ్డం ఏమీ లేదు. నన్నే చూస్తున్నాడు. మొదట్లో రెండుసార్లు మాట తడబడింది. ఉప్పు గురించి అడగలేదు గానీ, అడగబోయాననే అనుకుంటాను.

చివరికి ఆ కిటికీ కథ చెప్పాను. పొద్దున బస్సులో వస్తూ అల్లుకున్నది. ఆ కిటికీకి అద్దాలు బిగించిన పనివాడికి ఒక భార్య ఉండేది. ఆయన పగలంతా గాజుతో పని చేసి, ఇంటికొచ్చాక ఆవిడ ఏం మాట్లాడినా గాజులా కూర్చునేవాడు. ఒకరోజు ఆవిడ మూట కట్టుకుని ఆ కనబడే కొండ ఎక్కి వెళ్లిపోయింది. కొండ కొసన ఆగి, వెనక్కి తిరిగి చూసింది. సాయంత్రం ఎండ పడి కిటికీ మొత్తం మండుతున్నట్టుంది. అంత అందమైనది ఆయన చేతుల్లోంచి వచ్చిందని ఆవిడకి అప్పుడే తెలిసింది.

అక్కడితో ఆపాను. అక్కడికే అల్లాను. ఫిలిపా "వంటింటిది" అంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"ఆ తర్వాత ఏమైంది?" అని వెనక నుంచి వినిపించింది.

చప్పట్లు ఆగాయి. డెరిక్ జేబుల్లోంచి చేతులు తీశాడు. "వెనక్కి వచ్చిందా?" అన్నాడు.

నేను అతన్ని ఎరిగినప్పటినుంచీ నా కథ గురించి నన్ను అడిగిన మొదటి ప్రశ్న. ఫిలిపా కళ్లజోడు తీసి నా వైపు చూసింది. అందరూ చూశారు. నాకు జవాబు తెలియదు. అంతదూరం ఆలోచించలేదు.

"రాలేదు" అన్నాను. "కొండ మీదే ఇల్లు కట్టుకుంది. కిటికీ మాత్రం ఇటువైపు పెట్టుకుంది."

డెరిక్ కొండ వైపు చూశాడు. కాసేపు నిజంగానే ఆ ఇంటి కోసం వెతికినట్టున్నాడు.

"మంచి పని చేసింది" అన్నాడు.